ఊపిరి నరానికి అంటు

ఊపిరి పీల్చమని మెదడు ఇచ్చే ఆజ్ఞ మెడలోని వెన్నుపాము గుండా దిగుతుంది. అక్కడ మూడు, నాలుగు, ఐదు స్థానాల్లో పుట్టే ఫ్రెనిక్ నరం దాన్ని ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న డయాఫ్రం అనే కండరానికి చేరవేస్తుంది. అంతకు పైన వెన్నుపాము దెబ్బతింటే తెలివి ఉన్నా ఊపిరి ఆడదు. వెంటిలేటరే దిక్కు.

1995లో గుర్రం మీంచి పడిన హాలీవుడ్ నటుడు క్రిస్టఫర్ రీవ్ స్థితి ఇదే. 2003లో క్లీవ్‌లాండ్ వైద్యులు ఆయన డయాఫ్రంలో సన్నని తీగలు అమర్చి, విద్యుత్తుతో కదిలించారు. యంత్రం లేకుండా కొంతసేపు ఊపిరి తీశారు. 2004లో కన్నుమూశారు.

ఫ్రెనిక్ నరం బతికి ఉంటేనే ఈ విద్యుత్తు పని చేస్తుంది. అదే చచ్చుబడితే, పక్కటెముకల మధ్య నరాన్నొకదాన్ని తెచ్చి దానికి కుడతారు. మా కోలారు తోటల్లో మామిడికి అంటు కట్టినట్టే. కొత్త నరం పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. నెలల తరబడి ఆగి, అప్పుడు విద్యుత్తు ఇస్తారు. అందరికీ ఫలించదు. ఫలించినవారికి ఆ గంటలు సొంత ఊపిరి.

మన వంతు ఒకటుంది. చెట్టు మీంచో మిద్దె మీంచో పడినవారిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తకండి. తల, మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయించండి. మిగిలిన నరాన్ని కాపాడేది ఆ ఓపికే.