గాదంకి రాడారు – గమ్హరియా ఆకాశము



చీకటిపడిన పిదప గమ్హరియా స్టేషనులో నిలిచి పైకి చూచినవారికి కర్మాగారముల వెలుగు, నక్షత్రములు తప్ప మరేమియు కానరాదు. కాని భూమికి సుమారు 300 కిలోమీటర్ల పైన, సూర్యకిరణములచే విద్యుత్కణములుగా చీలిన వాయువుల పొర కలదు. అదియే అయనావరణము. కొన్ని రాత్రులందు అది కల్లోలితమై ఉపగ్రహ సంకేతములను రెపరెపలాడించును. విమానచోదకునకు దారి చూపు సంకేతములును వీనిలోనివే.

ఈ కల్లోలమునకు పుట్టినిల్లు దక్షిణమున, భారతదేశపు కొనదరి అయస్కాంత మధ్యరేఖ. ప్రొద్దు గ్రుంకగానే అయనావరణపు అడుగుభాగము పలుచనగును. పైన దట్టమైన పొర మిగులును. ఉక్కుపట్టణము వారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు. కరిగిన ఇనుముపై చిట్టెము తేలును. చిట్టెముపై ఇనుము నిలువదు. అట్లే అడుగునున్న పలుచని భాగము బుడగలై పైకి చొచ్చుకొనిపోవును. మధ్యరేఖపై మిక్కిలి ఎత్తునకు లేచిన బుడగలు అయస్కాంత రేఖలవెంట జంషెడ్‌పూరు, కలకత్తాల అక్షాంశములవరకు వ్యాపించును. ఇచ్చట అయనావరణము మిక్కిలి దట్టము గనుక సంకేతముల కంపము మరింత తీవ్రమగును.

ఈ బుడగలను కనిపెట్టు రాడారు తిరుపతి సమీపమున గాదంకిలో కలదు. అంతరిక్ష శాఖకు చెందిన ఈ కేంద్రమున 1024 యాగీ ఏరియళ్లు 53 మెగాహెర్ట్జుల తరంగములను పంపును. (తెలుగునాట ఈ విద్య క్రొత్తది కాదు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య బి. రామచంద్రరావు, ఆయన శిష్యులు 1950 దశకముననే అయనావరణ చలనములను కొలిచిరి.) తరంగదైర్ఘ్యము 5.7 మీటర్లు. అందు సగము, అనగా సుమారు 2.8 మీటర్ల ఎడముగల ముడుతలనుండి మరలిన అలలు మాత్రమే ఒకదానితోనొకటి కలిసివచ్చి రాడారునకు చిక్కును. ఆ ముడుతలు అయస్కాంత రేఖల పొడవున సాగియుండును. కావున కిరణమును వానికి లంబముగా, నడినెత్తినుండి కొంచెము ఉత్తరమునకు వంచి పంపవలెను.

రాత్రివేళ బుడగలు సాధారణముగా తూర్పునకు జరుగును. మరి గాదంకిలో చూచి గమ్హరియాకు ముందుగా హెచ్చరిక పంపవచ్చునా? అంత సులువు కాదు. బుడగలోని చిఱుముడుతలు త్వరగా అణగిపోవును. వందల మీటర్ల పరిమాణముగల ముడుతలు చాలసేపు నిలుచును. దారి చూపు సంకేతములను చెరచునవి ఈ పెద్దవే! రాడారు తెర నిర్మలముగా నున్నంత మాత్రమున ఆకాశము శాంతించినదని నమ్మరాదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు రాడారుతోపాటు వేర్వేరు పట్టణములలో రిసీవర్లనుంచి, ఉపగ్రహ సంకేతముల రెపరెపను రాత్రులందు కొలుచుచున్నారు.