బుష్ దిగిపోతున్నాడు – పత్తి రైతుకు మిగిలిందేమిటి?

(2009 జనవరిలో రైతుల శిక్షణా తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెల 20న అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ కుర్చీ దిగిపోతున్నాడు. పోయిన నెల 14న బాగ్దాద్‌లో ఒక ఇరాకీ విలేకరి అతని మీదకు రెండు బూట్లూ విసిరాడు. మన ఊళ్లలో రచ్చబండల దగ్గర కూడా ఆ సంగతి చెప్పుకుని నవ్వుకున్నాం. లేని ఆయుధాల సాకుతో ఒక దేశాన్ని బూడిద చేసినవాడికి ఆ వీడ్కోలు తగిందేనని అనుకున్నాం. అయితే నవ్వుకుని ఊరుకుంటే మన లెక్క తేలదు. ఈ ఎనిమిదేళ్లలో బుష్ చేసిన సంతకాల్లో కొన్ని మన చేలదాకా వచ్చాయి. మనిషి పోయినా అవి పోవు. వాటి సంగతే ఈ రోజు మాట్లాడుకుందాం.

మొదటిది పత్తి. 2001–02లో ప్రపంచ మార్కెట్లో పౌను దూది ధర 42 సెంట్ల దరిదాపులకు పడిపోయింది. దాదాపు ముప్పై ఏళ్లలో అంత తక్కువ లేదు. ధర పడితే మనమైతే ఏం చేస్తాం? మరుసటి ఏడు రెండెకరాలు తగ్గించి మొక్కజొన్నో కందో వేస్తాం. అమెరికాలో ఆ అవసరం రాలేదు. 2002 మే 13న బుష్ సంతకం చేసిన వ్యవసాయ చట్టం పత్తికి పౌనుకు 72.4 సెంట్ల లక్ష్య ధర రాసిపెట్టింది. మార్కెట్లో ధర పడితే ఆ లోటును చాలావరకు ఖజానా పూడుస్తుంది. అక్కడ పత్తి పండించేవాళ్లు సుమారు 25 వేల మంది. వాళ్లకు ఆ రోజుల్లో ఏటా 200 నుంచి 400 కోట్ల డాలర్ల దాకా ముట్టింది. అందులోనూ పెద్ద భాగం పెద్ద కమతాలకే పోయింది, అక్కడి చిన్న రైతుకు దక్కింది తక్కువే. కాబట్టి మన తగాదా అమెరికా రైతుతో కాదు, ఆ చట్టంతో.

ప్రపంచ పత్తి ఎగుమతుల్లో మూడో వంతుకు పైగా అమెరికాదే. అంత సరుకు అయినకాడికి మార్కెట్లోకి వస్తే ధర ఎలా నిలబడుతుంది? ఆ దెబ్బ మాలీ, బుర్కినాఫాసో, బెనిన్, చాద్ రైతులకు తగిలింది. వరంగల్, ఆదిలాబాద్, గుంటూరు యార్డుల్లో మనకూ తగిలింది. ఆ ఏళ్లలోనే మన పత్తి రైతులు ఎందరో పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. దానికి అమెరికా ఒక్కటే కారణమని మనం అనం. నకిలీ విత్తనం ఉంది, ఎండిన బోరు ఉంది, నూటికి మూడూ నాలుగూ వడ్డీ ఉంది. కానీ చివరికి పంట అమ్మిన డబ్బుతో అప్పు తీరుతుందా లేదా అని తేల్చేది ధరే. ఆ ధరను కింద పడేసిన చేతుల్లో బుష్ చెయ్యి ఒకటి.

బ్రెజిల్ దీని మీద ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. 2005 మార్చిలో అప్పీలులో కూడా గెలిచింది. అమెరికా ఒక పథకాన్ని 2006లో ఆపి, మిగతావి అలాగే ఉంచుకుంది. రాయితీలు తప్పని మనకు పాఠం చెప్పే దేశం తాను ఓడిన కేసును కూడా లెక్కచేయలేదు.

రెండోది తిండిగింజలు. 2007 డిసెంబరులో బుష్ సంతకం చేసిన ఇంధన చట్టం, 2022 నాటికి ఏటా 3,600 కోట్ల గ్యాలన్ల జీవ ఇంధనం వాడాలని లక్ష్యం పెట్టింది. గ్యాలన్ ఇథనాల్‌కు 51 సెంట్ల పన్ను రాయితీ అంతకుముందే ఉంది. అక్కడ పండిన మొక్కజొన్నలో సుమారు నాలుగో వంతు కార్ల ట్యాంకుల్లోకి పోయింది. పోయిన ఏడాది తిండి ధరలు మండి హైతీలో జనం వీధుల్లోకి వచ్చారు. అప్పుడు బుష్ ఏమన్నాడు? భారతదేశంలో మధ్యతరగతి పెరిగి మంచి తిండి కోరుకోవడం వల్ల కూడా ధరలు పెరుగుతున్నాయన్నాడు. మనం రెండు ముద్దలు ఎక్కువ తింటే తప్పు, వాళ్ల కార్లు మొక్కజొన్న తాగితే తప్పు కాదు!

మూడోది విత్తనం. 2006 మార్చి 3న బుష్ హైదరాబాద్ వచ్చి రాజేంద్రనగర్‌లోని రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తిరిగి వెళ్లాడు. రెండు దేశాల మధ్య వ్యవసాయ విజ్ఞాన ఒప్పందం అన్నారు. దాన్ని నడిపే బోర్డులో అమెరికా తరఫున మోన్‌శాంటో, వాల్‌మార్ట్, ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ కంపెనీలకు చోటిచ్చారు. విత్తనం అమ్మేవాడు, సరుకు కొనేవాడు, ధాన్యం వ్యాపారం చేసేవాడు, ముగ్గురూ ఉన్నారు. ఇరాక్‌లో అమెరికా పాలనాధికారి 2004 ఏప్రిల్‌లో ఇచ్చిన 81వ ఉత్తర్వు, రక్షిత రకాల విత్తనాన్ని రైతు దాచుకుని మళ్లీ నాటకూడదంది. మన 2001 చట్టం మాత్రం దాచుకునే హక్కు మనకిచ్చింది. ఆ హక్కును కొత్త విత్తన బిల్లు పేరుతో ఎవరూ తగ్గించకుండా కాపలా కాయాల్సింది మనమే.

నాలుగోది పోయిన జూలైలో జెనీవా చర్చలు. దిగుమతులు ఒక్కసారిగా వచ్చి పడితే సుంకం పెంచుకునే హక్కు కావాలని మన దేశం అడిగింది. దిగుమతులు 40 శాతం పెరిగేదాకా ఆగాలన్నది బుష్ ప్రభుత్వం. అప్పటికి రైతు మునిగిపోయి ఉంటాడు. తన రాయితీలకు మాత్రం ఏటా 1,450 కోట్ల డాలర్ల పరిమితికి ఒప్పుకుంది. అది అప్పట్లో చేస్తున్న ఖర్చుకు దాదాపు రెట్టింపు. దీన్నే కోత అన్నారు! చర్చలు విఫలమయ్యాయి. మనకు అదే మేలు.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. 2008లో వచ్చిన కొత్త వ్యవసాయ బిల్లును, ధనిక రైతులకు ఎక్కువ దోచిపెడుతోందంటూ బుష్ తిప్పికొట్టాడు. అయినా అక్కడి రెండు పార్టీల సభ్యులూ కలిసి ఆ తిరస్కారాన్ని తోసిపుచ్చి చట్టం చేశారు. అంటే ఇది ఒక్క బుష్ దుర్బుద్ధి కాదు. రేపు వచ్చే ఒబామా మొక్కజొన్న పండే ఇల్లినాయిస్ నుంచి వచ్చినవాడు, ఇథనాల్‌ను సమర్థించినవాడు. కొత్త ముఖం చూసి మన ధర పెరుగుతుందని ఆశపడొద్దు.

ఇంకో నిజం మరీ చేదు. జెనీవాలో మన మంత్రి రైతు రక్షణ గురించి గట్టిగా మాట్లాడిన ఆ జూలైలోనే, ఢిల్లీ ప్రభుత్వం మిల్లుల కోరిక మీద పత్తి దిగుమతి సుంకం ఎత్తేసింది. ఆ తర్వాత ప్రపంచ ధర పడింది. మార్చిలో 80 సెంట్ల దగ్గరున్న పౌను దూది డిసెంబరుకు 55 సెంట్ల దగ్గరకు దిగింది. ఈ సీజన్‌లో పొడవు పింజ పత్తికి 3,000 రూపాయల మద్దతు ధర, సీసీఐ కొనుగోలు లేకపోతే మన గతేమిటో యార్డులో నిలబడ్డవాళ్లందరికీ తెలుసు. ఆ సుంకం ఎత్తేసిన సంతకం బుష్‌ది కాదు.

అందుకే మన కోరికలు వాషింగ్టన్‌కు కాదు, ఢిల్లీకీ హైదరాబాద్‌కూ చెప్పాలి. పత్తి మీద దిగుమతి సుంకం మళ్లీ వేయాలి. సీజన్ చివరిదాకా, ఆఖరి బస్తా దాకా సీసీఐ కొనాలి. విత్తనం దాచుకునే హక్కు జోలికి రాకూడదు. దిగుమతుల నుంచి రక్షణ దొరకకుండా వాణిజ్య చర్చల్లో సంతకం పెట్టకూడదు.

బుష్ మీద బూటు విసిరినవాడు జైల్లో ఉన్నాడు. మనం బూటు విసరక్కర్లేదు. ఊరూరా ఈ లెక్క చెప్పి, వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్నీ ఒక్క మాట అడిగితే చాలు: పత్తి సుంకం ఎత్తేసినప్పుడు మీరు ఎక్కడున్నారు?