పునాది తవ్వకముందే మట్టిని అడుగుదాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, రికవరీ లెక్కలు మాకంటే ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పినారు. మాకు ఇచ్చిన సమయంలో మేము ఒక్క విషయమే చెప్పదలచుకున్నాం. మన సభ్యులు చాలామంది ఇల్లు కట్టుకోవడానికి సంఘం నుంచి, బ్యాంకు నుంచి, స్త్రీనిధి నుంచి అప్పు తీసుకుంటున్నారు. మన సమాఖ్య కూడా సొంతంగా గోదాము కట్టాలని అనుకుంటోంది. ఇల్లు అన్నాక ఎన్ని గదులు, ఏ రంగు, నాపరాయి పరచాలా టైల్సు వేయాలా అని నెలల తరబడి మాట్లాడుకుంటారు. కింద ఉన్న మట్టి ఎట్లాంటిదని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఈరోజు ఆ మట్టి గురించే మా మాట.

మనవి నల్లరేగడి ఊళ్లు. శనగ, పత్తి, జొన్న పండించే తల్లి ఈ నేల. కానీ పంటకు మంచిదైన నేల ఇంటికి మంచిది కావాలని లేదు. ఎండాకాలం వస్తే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. వాన పడితే అవే నెర్రెలు మూసుకుపోయి మట్టి ఉబ్బుతుంది. ఈ మట్టిలో మాంట్‌మోరిలొనైట్ అనే సన్నని ఖనిజం ఉంటుంది. అది నీళ్లు తాగితే పొంగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. పైన మనం కట్టిన గోడ కూడా దాంతోపాటే ఏటేటా లేస్తుంది, దిగుతుంది. అది కూడా అన్ని చోట్లా ఒకే రకంగా కాదు. ఇంటి నడిమధ్య మట్టికి ఎండా తగలదు, వానా తగలదు. చుట్టూ ఉన్న మట్టి మాత్రం తడుస్తుంది, ఆరుతుంది. అందుకే అంచులు ఒకరకంగా, మధ్య ఒకరకంగా కదులుతాయి. కిటికీ మూలల నుంచి, వాకిలి మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వచ్చేది దీనివల్లే. వానాకాలం తలుపు పట్టేసి, ఎండాకాలం వదులైతే ప్రతిసారీ వడ్రంగినే తప్పు పట్టొద్దు. ఒకసారి నేల వైపు కూడా చూడాల.

"మాది చిన్న ఇల్లు, ఒక్క అంతస్తే కదా, దానికి మట్టి పరీక్ష ఎందుకు?" అని చాలామంది అంటారు. నల్లరేగడిలో ఈ మాట తిరగబడుతుంది. మట్టి ఉబ్బేటప్పుడు కింది నుంచి పైకి తోస్తుంది. బరువైన భవనం అయితే ఆ తోపును కొంతవరకు అణచి పెడుతుంది. మన చిన్న ఇళ్లు తేలిక. తేలికైన ఇంటినే అది సులభంగా లేపుతుంది. కాబట్టి ఈ భయం పెద్ద మేడలవాళ్లకంటే మనకే ఎక్కువ. గోడ పగిలిందని బ్యాంకు వాయిదా ఆగదు. పగిలిన ఇంట్లో కూర్చొని పదేళ్లు కంతులు కట్టే బాధ మన ఊళ్లలో కొందరు అక్కలకు తెలుసు.

ఇంకో సంగతి. "మా పొలం మట్టి పరీక్ష అయింది, కార్డు కూడా ఉంది" అని కొందరు చెప్తారు. 2015 నుంచి ఇస్తున్న భూసార ఆరోగ్య కార్డు పంట కోసం. దానికి సాధారణంగా పైన జానెడు లోతు మట్టే తీస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు ఎంత ఉన్నాయో చెప్తుంది. ఈ నేల ఎంత బరువు మోస్తుంది, ఎంత ఉబ్బుతుంది అని అది చెప్పదు. ఇంటి పరీక్ష వేరు. అది పునాది కూర్చునే చోట, దాని కింద ఉన్న మట్టికి చేయాల.

మరి ఎట్లా చేయాల? మాకు శిక్షణలో చెప్పినది, మేము ఊళ్లో చేసినది కలిపి చెప్తాం.

మొదటి పని అడగడం. దీనికి ఖర్చు లేదు. ఇంజనీర్లు కూడా స్థల పరిశీలన అంటే ముందు చుట్టూ తిరిగి చూసి, పాతవాళ్లను అడగడమే అంటారు. ఆ స్థలం ముందు ఏమిటి? కుంటా, వాగు పోరంబోకా, దిబ్బా, పూడ్చిన బావా? 2009 అక్టోబరు వరదల్లో అక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలిచినాయి? కాలువ నీళ్లు వదిలినప్పుడు ఊట వస్తుందా? పక్క ఇళ్ల గోడలు ఎట్లా ఉన్నాయి? మన ప్రాంతంలో వెనకటి కాలం జొన్నలు పాతర్లలో పోసేవాళ్లు. ఆ పాతర్లు ఎక్కడెక్కడ ఉండేవో ఇప్పటి మేస్త్రీకి తెలియదు. మన అవ్వలకు తెలుసు. మా ఊళ్లో ఒక సభ్యురాలి స్థలం చూడటానికి పోయినప్పుడు డెబ్భై దాటిన ఒక అవ్వ కర్రతో నేల మీద గీసి, "ఇక్కడ మా మామగారి పాతర ఉండేది" అని చెప్పింది. తవ్వి చూస్తే నాలుగడుగుల కింద బూడిద, పెంకులు, వదులు మట్టి. సరిగ్గా ముందు పిల్లర్లు వచ్చే చోటు. ఇంజనీరును పిలిపించి, ఇంటిని వెనక్కి జరిపి గుర్తులు పెట్టించినాం. ఆ అవ్వ మాట వినకుండా ముగ్గు పోసి ఉంటే ఇంటి ముందు భాగమంతా వదులు మట్టి మీద కూర్చునేది.

రెండో పని తవ్వడం. చిన్న ఇంటికి స్థలం నడిమధ్య ఒక గుంత తీసినా చాలు. ఎకరం వరకు స్థలంలో కట్టే భవనానికి నాలుగు మూలలా ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి కావాలని భారతీయ ప్రమాణాల నియమావళి చెప్తుంది. లోతు విషయం జాగ్రత్త. పునాది అడుగు దాకా చూసి ఆపేస్తే సరిపోదు. ఫుటింగు ఎంత వెడల్పో దానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఇంకా కిందికి మట్టి సంగతి తెలియాల. పైన వేసిన బరువు అంత లోతు దాకా పోతుంది. మనలో చాలామంది ఉపాధి హామీ పనుల్లో ఫారం పాండ్లు తవ్వినవాళ్లమే. నల్లమట్టి ఎక్కడ ఆగుతుందో, సుద్ద ఎక్కడ తగులుతుందో, గరుసు ఎక్కడ మొదలవుతుందో మన గడ్డపారకు తెలుసు. అదే చూపుతో గుంతను చూడాల. ఎన్ని అడుగులకు మట్టి మారిందో, ఊట ఎక్కడ తగిలిందో రాసుకోవాల. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. నల్లమట్టి గోడలు చెప్పకుండా కూలతాయి. తవ్విన మట్టిని అంచు మీద కుప్ప పోయొద్దు. లోతైన గుంతలోకి ఒక్కరే దిగొద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు.

మూడో పని ల్యాబు పరీక్ష. ఇది తెలిసినవాళ్లు చేయాల. ఇంజనీరింగ్ కాలేజీల్లో, ప్రైవేటు ల్యాబుల్లో ఫీజు తీసుకొని చేస్తారు. మనం చేయలేకపోయినా ఏమి చేస్తున్నారో తెలిసి ఉండాల. పెద్ద భవనానికి బోరు వేసి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఒక గొట్టాన్ని 45 సెంటీమీటర్లు దించుతారు. మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి, మిగిలిన 30 దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టినాయో లెక్క పెడతారు. తక్కువ దెబ్బలకే దిగితే మెత్తని నేల. ఎక్కువ పడితే గట్టి నేల. రోకటి పోటు లెక్క లాంటిదే అనుకోండి.

ఉబ్బే గుణం చూసే పరీక్ష ఇంకా సులభంగా అర్థమవుతుంది. ఎండిన మట్టిని సన్నని జల్లెడ పట్టి, పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రల్లో వేస్తారు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరసనాయిలు పోస్తారు. కిరసనాయిలుకు మట్టి ఉబ్బదు. 24 గంటల తర్వాత రెండింట్లో మట్టి ఎంత ఎత్తుకు వచ్చిందో చూస్తారు. కిరసనాయిల్లో 10 గీతల దగ్గర, నీళ్లలో 17 గీతల దగ్గర నిలిస్తే 70 శాతం ఉబ్బినట్టు. 50 లోపల ఉంటే ఉబ్బు తక్కువ. 50 నుంచి 100 మధ్యస్థం. 100 దాటితే ఎక్కువ. 200 దాటితే మరీ ఎక్కువ. రిపోర్టు చేతికి వస్తే ఈ అంకె ఎక్కడుందో వేలు పెట్టి అడగండి.

ఇంకో అంకె కూడా అడగాల. ఈ నేల చదరపు మీటరుకు ఎన్ని టన్నులు భద్రంగా మోస్తుంది అని. ఒక పిల్లరు మీద 20 టన్నుల బరువు పడుతుందనుకుందాం. నేల 20 టన్నులు మోసేదైతే ఒక చదరపు మీటరు ఫుటింగు చాలు. 10 టన్నులే మోస్తే రెండు చదరపు మీటర్లు కావాల. 5 అయితే నాలుగు. పిల్లరు అదే, బరువు అదే, మట్టిని బట్టి కింద పాదం మారుతుంది. అందుకే "పక్కింటికి ఎంత వేసినామో మీకూ అంతే వేస్తాం" అనే మాటకు తల ఊపొద్దు. పక్కింటి కింద గరుసు ఉండొచ్చు, మన కింద పూడిన కుంట ఉండొచ్చు. చవుడు నేలలో అయితే మట్టిలో, నీళ్లలో ఉప్పు ఎంత ఉందో కూడా చూపించాల. ఆ ఉప్పు కాంక్రీటును, కమ్మీని తినేస్తుంది.

పరీక్షలో ఉబ్బే మట్టి అని తేలితే ఇల్లు కట్టొద్దని కాదు. దారులు ఉన్నాయి. గరుసు తక్కువ లోతులో ఉంటే అక్కడి దాకా పునాది దించొచ్చు. నల్లమట్టి తీసేసి గరుసుతో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపొచ్చు. నల్లమట్టి చాలా లోతుంటే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు రూపొందించిన పైల్ పునాది ఉంది. మూడున్నర మీటర్ల లోతుకో, ఇంకా కిందికో సన్నగా బోరు వేసి, అడుగున వెడల్పు చేసి, కమ్మీ పెట్టి కాంక్రీటు పోస్తారు. ఉల్లికాడ కింద ఉల్లిగడ్డ ఉన్నట్టు ఉంటుంది. పై మట్టి ఉబ్బినా కింద గడ్డ పట్టుకొని ఉంటుంది. ఏది చేయాలో ఇంజనీరు చెప్పాల. మన చేతిలో ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. పునాదిలో తవ్విన నల్లమట్టినే తిరిగి గదుల కింద నింపనీయొద్దు. ఇంటి చుట్టూ బయటికి వాలుగా గచ్చు వేయించుకోవాల. స్నానాల నీళ్లు గోడ మొదట్లో ఇంకనీయొద్దు. వేప, రావి లాంటి చెట్లను గోడకు ఆనించి నాటొద్దు.

ఇప్పుడు మన గోదాము మాటకు వస్తాం. శిక్షణలో ఇంజనీరు సారు ఒక సంగతి చెప్పినారు. కెనడా దేశంలో విన్నిపెగ్ పక్కన ట్రాన్స్‌కోనా అనే చోట ఒక పెద్ద ధాన్యం గిడ్డంగి కట్టినారు. పది లక్షల బుషెళ్లు పడుతుంది. బుషెల్ గోధుమలంటే సుమారు 27 కిలోలు. 1913 అక్టోబరులో అది నిండుతుండగా కుంగడం మొదలైంది. ఒక్క రోజులోనే 27 డిగ్రీల దాకా ఒరిగిపోయింది. గోడలు గట్టివే, కాంక్రీటు మంచిదే. కట్టేముందు పునాది మట్టం దగ్గర మట్టి బలం చూసినారు కూడా. ఆ గట్టి మట్టి కింద మెత్తని బంకమట్టి ఉందని ఎవరూ చూడలేదు. తర్వాత కింద రాయి దాకా స్తంభాలు దించి మళ్లీ దాన్ని నిలబెట్టినారు. అది వాళ్లకు ఉన్న డబ్బు. మన గోదాము ఒరిగితే ఎవరు నిలబెడతారు?

గోదాములో బస్తాలు ఒకేసారి పడతాయి. ఒక పక్క నిండుగా, ఒక పక్క ఖాళీగా ఉంటుంది. మనకు చూపించిన స్థలం చెరువు కింది వైపు ఉంది. "అది గట్టి నేలే, పరీక్ష ఖర్చు దండగ" అని పనివాళ్ల నుంచి మాట వచ్చింది. గట్టిదైతే పరీక్షలో కూడా గట్టిదనే వస్తుంది, మంచిదే. అప్పుడు పునాదికి అనవసరంగా ఎక్కువ సిమెంటు, కమ్మీ పోయకుండా డబ్బు మిగులుతుంది. గట్టిది కాకపోతే కట్టకముందే తెలుస్తుంది. రెండు రకాలుగా లాభం మనదే. పైకప్పు కారితే మళ్లీ వేసుకోవచ్చు. తలుపు చెడిపోతే మార్చుకోవచ్చు. ఇల్లంతా నిలబడిన తర్వాత పునాదిని మార్చుకోలేం.

అందుకని మా గ్రామ సంఘం తరఫున ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం.

ఒకటి. గోదాము స్థలంలో నాలుగు మూలలా, మధ్యలో మట్టి పరీక్ష చేయించి, రిపోర్టు కార్యవర్గంలో చదివి వినిపించిన తర్వాతే పనికి అడ్వాన్సు ఇవ్వాల.

రెండు. ఇంటి అప్పు దరఖాస్తులో మట్టి పరీక్ష ఖర్చును కూడా ఒక పద్దుగా చేర్చాల. పరీక్ష చేయించుకునే సభ్యురాలికి ఆ డబ్బు మొదటి విడతలోనే అందాల.

మూడు. ప్రతి గ్రామ సంఘంలో ఇద్దరు సభ్యులు, ఒక పెద్దవయసు ఆమె కలిసి అప్పు మంజూరుకు ముందు స్థలం చూసి రావాల. చూసినది మినిట్స్ పుస్తకంలో రాయాల.

బేల్దారి అన్నల పనితనాన్ని మేము తక్కువ చేయడం లేదు. గోడ కట్టడం వాళ్లకు తెలుసు. అప్పు మోసేది మనం. కాబట్టి గుంత దగ్గర నిలబడి "ఇది ఏ మట్టి, ఎంత మోస్తుంది?" అని అడిగే హక్కు మనకు ఉంది. "ఆడవాళ్లకు పునాది సంగతి ఏం తెలుసు?" అని ఎవరన్నా అంటే, ఈ నేలను తవ్వినవాళ్లం, నాటినవాళ్లం మేమే అని చెప్పండి.

ఈ తీర్మానాలను చేతులెత్తి ఆమోదించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.