వాచీలో వెంట్రుక తీగ



కీ ఇచ్చే చేతి వాచీ ఒకప్పుడు మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. పెళ్లిలో అల్లుడికి పెట్టిందో, తాతగారు ఉద్యోగంలో చేరినప్పుడు కొనుక్కున్నదో. చెవికి ఆనించుకుంటే టిక్కుటిక్కుమనేది, గుర్తుందా? ఆ పాత వాచీలు చాలావరకు సెకనుకు ఐదుసార్లు, అంటే రోజుకు 4,32,000 సార్లు కొట్టుకునేవి. లోపల ఓ చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతుంటే వచ్చే చప్పుడది. ఊగిన చక్రాన్ని మళ్లీ వెనక్కు లాగేది వెంట్రుకంత సన్నటి చుట్ట తీగ. మెకానిక్కులు హెయిర్ స్ప్రింగ్ అంటారు.

ఉక్కుతో చేస్తే ఈ తీగకు వేడి పడదు. ఉక్కు వేడెక్కితే సాగడమే కాదు, దాని బిగువు కూడా సడలుతుంది. బిగువు సడలితే చక్రం నెమ్మదిగా ఊగుతుంది, వాచీ వెనకబడుతుంది. ఉక్కు తీగ, ఇత్తడి చక్రం ఉన్న వాచీ ఒక్క డిగ్రీ వేడి పెరిగితే రోజుకు సుమారు 11 సెకన్లు వెనకబడుతుంది. పది డిగ్రీలకు దాదాపు రెండు నిమిషాలన్నమాట!

దీనికి మందు కనిపెట్టినవాడు వాచీలు చేసేవాళ్ల ఇంట పుట్టిన స్విస్ శాస్త్రవేత్త షార్ల్ ఎడ్వార్ గియోమ్. ఆయన పారిస్ దగ్గర సెవ్ర్‌లో, కొలతల అంతర్జాతీయ కార్యాలయంలో పనిచేసేవాడు. మీటరు కొలబద్దలకు ప్లాటినం బదులు చవకైన లోహం వెతుకుతూ 1896లో ఇనుములో నూటికి 36 పాళ్ల నికెల్ కలిపిన లోహాన్ని పట్టుకున్నాడు. అది ఉక్కు సాగేదాంట్లో పదో వంతు మాత్రమే సాగుతుంది. వేడికి ఏ లోహమైనా ఉబ్బుతుంది; ఇందులో మాత్రం అదే వేడికి అయస్కాంత గుణం తగ్గి, ఆ మేరకు లోహం ముడుచుకుంటుంది. ఉబ్బడానికీ ముడుచుకోవడానికీ చెల్లు. దాని పేరు ఇన్వార్. తర్వాత క్రోమియం కూడా కలిపి, వేడెక్కినా బిగువు మారని, వాచీ తీగకు పనికొచ్చే ఎలిన్వార్ చేశాడు. 1920లో భౌతికశాస్త్ర నోబెల్ ఆయనదే. ఓపికగా కొలిచి, మళ్లీ కొలిచిన మనిషికి దక్కిన బహుమతి అది. నాకు అందుకే ఆయనంటే అంత గౌరవం.

ఎలిన్వార్ కాస్త మెత్తన. ఆ లోటు తీర్చడానికి రైన్‌హార్డ్ స్ట్రౌమన్ అనే స్విస్ ఇంజనీరు బెరీలియం కలిపి, 1933 నాటికి నివరాక్స్ తీగను తెచ్చాడు. అది తుప్పు పట్టదు, అయస్కాంతానికీ అంతగా లొంగదు.

ఆ స్ట్రౌమన్ 1954లో వాల్డెన్‌బుర్గ్‌లో స్థాపించిన పరిశోధన సంస్థ వాచీ లోహాలతోనే ఆగలేదు. 1960 నుంచి సర్జన్లతో కలిసి, విరిగిన ఎముకలకు బిగించే ప్లేట్లు, స్క్రూల లోహాలను పరీక్షించింది. ఒంట్లో ఉప్పునీళ్లు తగులుతూ, అడుగడుగునా బరువు పడుతూ ఉన్నా ఆ లోహం తుప్పు పట్టకూడదు, అలసి విరగకూడదు. వాచీ తీగకు కావలసిన గుణాలూ ఇవే కదా!

మీ పెట్టెలో ఆగిపోయిన పాత వాచీ ఉంటే పారేయకండి. రిపేరుకిచ్చినప్పుడు, మూత తీయగానే ఆ తీగను ఒక్కసారి చూపించమనండి, పిల్లల్ని కూడా పక్కన నిలబెట్టుకుని.