బెల్లము లెక్కలో తొలి నిల్వ



చెరకును ఫ్యాక్టరీకి తోలక, బెల్లము వండి అమ్ముకొను రైతులు అనకాపల్లి, చిత్తూరు ప్రాంతములలో చాలమంది ఉన్నారు. చెరకు తోలిన రైతుకు లెక్క సులభము. తూకము, ధర తెలిసిన చాలును. బెల్లము వండిన రైతు తయారీదారు కూడ అగును గనుక అతని పుస్తకములో మరియొక పద్దు ఉండవలెను. అదియే తయారైన సరుకు నిల్వ.

లెక్కల సంవత్సరము ఏప్రిలు 1న మొదలై మార్చి 31న ముగియుననుకొందము. మొదటి రోజు ఉదయము కొట్టులో ఉన్న బెల్లము తొలి నిల్వ. క్రిందటి సంవత్సరపు ఆఖరు నిల్వయే ఇది. పొలములో నిలిచియున్న చెరకు, పెనములో కాగుచున్న రసము ఇందులో చేరవు. అచ్చు పోసి ఆరిన దిమ్మలే తయారైన సరుకు.

నిల్వకు కట్టవలసినది తయారీ ఖర్చు. అమ్మదలచిన ధర కాదు. మార్కెట్టు ధర ఖర్చు కంటె తగ్గిపోయినచో, ఆ తక్కువ ధరనే కట్టవలెను. చెరకు విలువ, నరుకుడు, తోలకము, గానుగ బాడుగ, కూలి, సున్నము మొదలగునవి తయారీ ఖర్చులు. చెరకు మన పొలములోనిదే అయినను దానికి విలువ కట్టవలెను. మార్కెట్టుకు తోలిన కిరాయి, కమీషను అమ్మకపు ఖర్చులు గనుక వేరుగ వ్రాయవలెను.

క్రిందటి ఏడు నిల్వ వ్రాసి ఉంచనిచో ఏమి చేయవలెను? వెనుకకు లెక్కించి రాబట్టవచ్చును. ఒక ఉదాహరణ చూడుడు. ఇందులోని అంకెలు లెక్క కొరకు ఊహించినవి.

ఈ ఏడు అమ్మినది 230 క్వింటాళ్లు
ఆఖరున మిగిలినది 20 క్వింటాళ్లు
రెండును కలిపి 250 క్వింటాళ్లు
ఈ ఏడు వండినది 200 క్వింటాళ్లు
తీసివేయగా తొలి నిల్వ 50 క్వింటాళ్లు

ఇంటికి వాడినది, బంధువులకు పంచినది, వానకాలములో చెమ్మకు నీరుకారి పోయినది ఉన్నచో, అదియు అమ్మిన దానితో కలుపవలెను. అట్లు 3 క్వింటాళ్లు పోయినచో తొలి నిల్వ 53 అగును.

ఇక రూపాయలలో చూతము. నిరుడు క్వింటాలుకు 3,600, ఈ ఏడు 4,000 రూపాయలు ఖర్చు అయినవి. పాత సరుకే ముందు అమ్ముడైనది. అమ్మిన సరుకు ఖర్చు, పాత 50 క్వింటాళ్లకు 1,80,000, కొత్త 180 క్వింటాళ్లకు 7,20,000, మొత్తము 9,00,000. దీనికి ఆఖరు నిల్వ ఖర్చు 80,000 కలిపి, ఈ ఏటి తయారీ ఖర్చు 8,00,000 తీసివేయగా 1,80,000 మిగులును. ఇదియే తొలి నిల్వ విలువ. క్వింటాళ్ల లెక్కతో ఇది సరిపోయినది.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. అమ్మిన సరుకు ఖర్చుకు బదులు అమ్మగా వచ్చిన సొమ్మును వేయరాదు. ఆ సొమ్ములో లాభము కలిసియుండును గనుక నిల్వ ఉబ్బిపోవును.

క్వింటాలు 4,400 చొప్పున అమ్మగా 10,12,000 వచ్చినదనుకొందము. అమ్మిన సరుకు ఖర్చు 9,00,000 పోగా లాభము 1,12,000. అమ్మకపు ఖర్చులు ఇందులోనుండియే పోవలెను. తొలి నిల్వను మరచినచో అదే లాభము 2,92,000గ కనిపించును. ఎక్కువగ కనిపించిన 1,80,000 రూపాయలు ఈ ఏటి సంపాదన కాదు. నిరుటి పెట్టుబడి తిరిగి వచ్చినది. దానిని లాభమనుకొని అన్నదమ్ములు పంచుకొన్నచో, లేక పెండ్లికి ఖర్చు పెట్టినచో, రాబోవు చెరకు నాటుటకు ముచ్చెలకు, ఎరువుకు చేతిలో సొమ్ముండదు. మరల అప్పు చేయవలసి వచ్చును. గానుగను కలిసి నడుపుకొను వారిలో తగవులు కూడ ఇట్టి చోటనే పుట్టును.

కావున మార్చి 31 సాయంకాలము, కొట్టులోని దిమ్మలను ఇద్దరు మనుష్యుల ఎదుట తూచుడు. తూకమును, క్వింటాలు ఖర్చును పుస్తకములో వ్రాసి ఇద్దరిచేతను సంతకము చేయించుడు. మరునాడు క్రొత్త పుటలో మొదటి పంక్తిగ ఆ అంకెనే ఎక్కించుడు. ఒక గంట పనితో ఏడాది లెక్క నిలుచును.