ఇద్దరం, రెండు రోజులు, మూడు వేల ఐదు వందలు: పానగల్లు నుంచి నాగార్జునసాగర్ దాకా

ఇంటి ఖర్చుల ఎపిసోడ్ చేసినప్పటి నుంచి కొత్తగా పెండ్లయిన వాళ్లు చాలామంది నన్ను ఒకటే మాట అడుగుతున్నరు. "అక్కా, నెల జీతం నెలకే సరిపోతలేదు. ఎక్కడికన్నా పోదామంటే పదిహేను, ఇరవై వేలు అంటున్నరు. మాలాంటోళ్లు తిరగొద్దా?" అని. ఇయ్యాల దాని గురించే మాట్లాడుకుందాం. ఊరికే మాటలు కాదు, మేమిద్దరం పోయివచ్చిన ట్రిప్పు లెక్క రూపాయితో సహా మీ ముందు పెడత.

ముందు మా సంగతి చెప్పాలె, లేకుంటే లెక్క అర్థం కాదు. మాది నల్గొండ పక్కన పల్లె. మా ఆయనది మహబూబ్‌నగర్ దిక్కు. ఇద్దరం హైదరాబాద్‌ల ఎల్బీనగర్ దగ్గర కిరాయికి ఉంటున్నం. ఆయనకు షిఫ్టు డ్యూటీ, నాకు వారంల ఆరు రోజులు పని. పెండ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు, నెల నెలా కిస్తీ కడుతున్నం. ఇది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, ఇట్లాంటి ఇండ్లే ఎక్కువ ఉంటయి.

ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, "ఇప్పుడు తిరగండి, తర్వాత కట్టండి" అని ప్రకటనలు వస్తున్నయి. హనీమూన్ కూడా ఈఎంఐల మీదనే. మా చుట్టాల్ల ఒక జంట అట్లనే పోయివచ్చిండ్రు. ఫోటోలు మంచిగ వచ్చినయి. తిరిగింది నాలుగు రోజులు, కట్టేది ఏడాది. వాళ్లను తప్పుపడతలేను, ఎవరిష్టం వాళ్లది. కానీ మేం ఒకటి అనుకున్నం. ఇంటికి తిరిగి వచ్చినంక ఆ ట్రిప్పు పేరు మీద ఒక్క రూపాయి బాకీ ఉండొద్దు.

దీనికి మా అత్తమ్మ ఒక మాట అన్నది. "అప్పు ఉండంగ తిరుగుడేంది బిడ్డా? ఆ పైసలు కూడా అప్పుకే కట్టరాదుండ్రి?" అన్నది. ఆమె మాట్లాడింది ఆమె బతికిన బతుకు నుంచి. నల్గొండ, పాలమూరు జిల్లాల్ల వానలు లేక, పంటలు ఎండి, బొంబాయి దాకా వలసబోయి సంపాయించుకొచ్చిన ఇండ్లు ఎన్నో ఉన్నయి. ఆ తరానికి ప్రయాణం అంటే పని కోసం పోవుడు, లేకుంటే మొక్కు తీర్చుకోను పోవుడు. ఊరికే చూడ్డానికి పోవుడు అనేది వాళ్ల లెక్కల లేదు.

అందుకే ఆమె మాటకు మేం ఎదురు చెప్పలేదు, లెక్క చూపించినం. నెల జీతం రాంగనే ముందు కిస్తీ, తర్వాత కిరాయి, తర్వాత చిట్టీ. వీటిల్ల దేన్నీ ముట్టం. ఇవన్నీ పోయినంక, వారానికి వంద రూపాయలు ఒక స్టీలు డబ్బాల వేసినం. 35 వారాలకు 3,500 అయినయి. ఆ వందల సగం ఆయనది, సగం నాది. బయట చాయ్ తగ్గించి ఆయన, దగ్గర దూరానికి ఆటో ఎక్కకుండ నడిచి నేను మిగిలించినయి. "అత్తమ్మా, ఇవి మొత్తం కట్టినా ఒక నెల కిస్తీల సగం కూడా తెగదు. కానీ పెండ్లయినప్పటి నుంచి మేమిద్దరం ఒక పూట కూడా కలిసి కూర్చోలేదు" అని చెప్పిన. ఆమె ఏమనలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు మాత్రం జొన్నరొట్టెలు, పల్లి చట్నీ కట్టి ఇచ్చింది.

ఇగ ప్రయాణం సంగతికి వద్దాం. మొదటి ప్రశ్న, బండి మీద పోదామా, బస్సుల పోదామా?

తెలంగాణల 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు, ఆడపిల్లలకు, ట్రాన్స్‌జెండర్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్ల టికెట్టు లేదు. కండక్టర్ జీరో టికెట్ ఇస్తడు, అది తీసుకోవాలె. తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే ఇది పనిచేయదు. అంటే బస్సుల జంటగ పోతే కట్టేది ఒక్కరికే. హైదరాబాద్ నుంచి నల్గొండ సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి హాలియా మీదుగ సాగర్. సాగర్ నుంచి మల్లేపల్లి, ఇబ్రహీంపట్నం మీదుగ హైదరాబాద్‌కు ఇంకో 150 దాకా. మొత్తం కలిపి మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు. మా ఆయన టికెట్లు అన్నీ కలిపి ఐదు వందల లోపే అయినయి.

బండికైతే ఆరు లీటర్ల పైన పెట్రోల్ పడుతది, అంటే ఇంకో నూటయాభై, రెండు వందలు ఎక్కువ. పెద్ద తేడా కాదు కదా అంటరేమో. పైసలకన్నా పెద్ద తేడా ఇంకోటి ఉంది. విజయవాడ హైవే మీద లారీల నడుమ నడిపి నడిపి, దిగేసరికి ఆయనకు నడుం పడిపోతది, ఇగ చూసేదేంది? బస్సుల అయితే ఇద్దరం కిటికీ పక్కన కూర్చొని రొట్టె తినుకుంట పోయినం.

ఒక జాగ్రత్త. ఆదివారాలు, పండుగల ముందు రోజులు బస్సులు కిటకిటలాడుతయి. మేం మంగళ, బుధవారాలు పోయినం. సీట్లు దొరికినయి, గది కూడా తక్కువకు దొరికింది. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, నాగార్జునకొండ మ్యూజియంకు ఆ రోజు సెలవు.

మొదటి మజిలీ పానగల్లు. నల్గొండ బస్టాండ్ నుంచి నాలుగైదు కిలోమీటర్లే, ఆటోలు దొరుకుతయి. ఇది ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఉదయసముద్రం అనే పెద్ద చెరువు వాళ్ల కాలందే, ఇప్పటికీ నీళ్లున్నయి.

ఇక్కడ ఛాయా సోమేశ్వరాలయం తప్పకుండ చూడాలె. మూడు గర్భగుడులు ఉన్న గుడి ఇది. అందుల ఒకదాంట్ల శివలింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పొద్దంతా నిలబడే ఉంటది. మా ఆయన బయటికి, లోపలికి నాలుగుసార్లు తిరిగి, ఒక్కొక్క స్తంభం దగ్గర నిలబడి చూసిండు, ఏ స్తంభం నీడో పట్టుకుందామని. దొరకలే. ఆలోచించండి, సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతుంటే నీడ కూడా జరగాలె కదా. జరగట్లేదంటే అది నేరుగా ఎండ చేసే నీడ కాదు. చుట్టుపక్కల నుంచి లోపలికి వచ్చే వెలుతురును ఆ స్తంభాల వరుస ఎట్ల ఆపుతదో, ఎట్ల వదులుతదో, దాని లెక్క అది. ఎనిమిది, తొమ్మిది వందల ఏండ్ల కింద ఆ లెక్క కట్టిన మేస్త్రీల పేర్లు మనకు తెలవదు. ఇట్లాంటిది వేరే దేశంల ఉంటే లక్షలు పెట్టి పోయి చూసేటోళ్లం. మన బస్టాండ్ పక్కన ఉన్నదని చూస్తలేం.

అదే ఊళ్లె పచ్చల సోమేశ్వరాలయం ఉంది. దాని గోడల మీద రామాయణ, భారత కథలు చెక్కిండ్రు. పక్కనే మ్యూజియం. మేం గుళ్లల్ల మూడు గంటలు గడిపినం, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెలు చెట్టు కింద తిన్నం. మధ్యాహ్నం తిండికి ఖర్చు సున్నా.

నీళ్ల గురించి ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులను చూసుకుంట పెరిగినదాన్ని నేను. నల్గొండోళ్లకు నీళ్ల విలువ వేరే ఎవరూ చెప్పనక్కర లేదు. రెండు పెద్ద స్టీలు బాటిళ్లు ఇంటి నుంచి నింపుకొని పోండి, ఎక్కడ శుద్ధి చేసిన నీళ్లు దొరికితే అక్కడ మళ్ల నింపుకోండి. రెండు రోజులకు ఇద్దరికి బాటిళ్లు కొనుక్కుంట పోతే అదే రెండు వందలు అయితది.

సాయంత్రం నల్గొండ నుంచి సాగర్ బస్సెక్కినం. ఇక్కడ అందరు జంటలకూ పనికొచ్చే సంగతి చెప్పాలె. గది కోసం మొదలు ఒక లాడ్జికి పోయినం. కౌంటర్ దగ్గరున్న మనిషి మా ఇద్దరి ఆధార్ కార్డులు చూసిండు. నా కార్డుల ఇంకా పుట్టింటి పేరు, నాన్న పేరే ఉన్నయి. "పెండ్లయిందా మీకు?" అని మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసిండు. మెడల పుస్తెలతాడు ఉన్నా నమ్మలేదు. చట్టప్రకారం ఇద్దరు మేజర్లకు గది ఇయ్యొద్దని ఎక్కడా లేదు, కానీ రాత్రి ఏడు గంటలకు బ్యాగులు పట్టుకొని చట్టం గురించి కొట్లాడే ఓపిక ఎవరికుంటది? మా ఆయన ఫోన్‌ల ఉన్న మ్యారేజ్ సర్టిఫికెట్ తీసి చూపించబోయిండు. నేనే వద్దన్న. అట్ల చూసిన చోట నాకు నిద్ర పట్టదు. ఇంకో చోట అడిగితే కార్డులు రాసుకొని, మర్యాదగ తాళం చెవి ఇచ్చిండ్రు. ఒక రాత్రికి వెయ్యి రూపాయలు.

అందుకని చెప్తున్న. పెండ్లయినంక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల రిజిస్టర్ చేయించుకోండి, ఆ కాగితం ఒక కాపీ ఫోన్‌ల పెట్టుకోండి. గది ముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి, చీకటి పడకముందే చేరుకోండి. చెల్లెండ్లకు ఒక మాట, రెండు వందలు మిగులుతయని గడియ సరిగ్గ పడని గదిల మాత్రం ఉండకండి. పొదుపు చేయాల్సిన చోటు అది కాదు.

రెండో రోజు పొద్దున బుద్ధవనం. 274 ఎకరాలల్ల కట్టిండ్రు, 2022 మే 14న తెరిచిండ్రు. నడుమ మహాస్తూపం, చుట్టూ బుద్ధుని జీవితం, జాతక కథలు చెప్పే శిల్పాలు, వేరే దేశాల స్తూపాల చిన్న నమూనాలు ఉన్నయి. ఎండ ముదరకముందే పొద్దున్నే పోతే మంచిగ ఉంటది, నడక ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్ల అయితే అసలే వద్దు.

తర్వాత లాంచీ. నీళ్లను బట్టి, జనాన్ని బట్టి నడుపుతరు, అందుకే ముందు కౌంటర్‌ల అడగండి. నదికి అటు ఒడ్డు ఆంధ్రప్రదేశ్, మాచర్ల దిక్కు పోతే మన జీరో టికెట్ సరిహద్దు దాకే చెల్లుతది. ఇది గుర్తుపెట్టుకోండి.

మీరు లాంచీల పోయేది ఒకప్పటి ఊరి మీదుగ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీళ్ల కింద ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యాంకు పునాది రాయి వేసిండు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. నీళ్లల్ల మునిగిపోకముందే, 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు చేసి, దొరికిన వాటిని కొండ మీదికి, అనుపు దగ్గరికి తరలించి మళ్ల నిలబెట్టిండ్రు. ఆ కొండే ఇప్పుడు దీవి అయ్యింది.

మ్యూజియంల నన్ను నిలబెట్టింది ఒక సంగతి. అక్కడి శాసనాలల్ల దానాలు ఇచ్చినోళ్ల పేర్లల్ల ఆడవాళ్లవే ఎక్కువ కనిపిస్తయి. రాజు చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. బోధిశ్రీ అనే ఉపాసిక ఎక్కడెక్కడి నుంచో వచ్చే భిక్షువుల కోసం కట్టించినవి అన్నీ వరుసగ రాయి మీద చెక్కించుకున్నది. పదిహేడు వందల ఏండ్ల కింద. వాళ్లు ఉన్నింటి ఆడవాళ్లే, కాదన. అయినా నా డబ్బాల నేను వేసిన యాభై రూపాయలు నాకు అక్కడ గుర్తొచ్చినయి. ఈ ట్రిప్పుల నన్ను ఎవరూ "తీసుకపోలే". నా సగంతోని నేను పోయిన.

ఇగ లెక్క రాసుకోండి. బస్సులు 480. గది 1,000. లాంచీ, మ్యూజియం, బుద్ధవనం అన్నీ కలిపి 780. తిండి 740, అందుల సాగర్ చేపల ఫ్రై కూడా ఉంది, అది మాత్రం వదలొద్దు. ఆటోలు 290. మొత్తం 3,290. డబ్బాల 210 మిగిలినయి. నాకు కూడా టికెట్ పడి ఉంటే ఇంకో 480 పెరిగి డబ్బా దాటిపోయేది. రేట్లు మారుతుంటయి కాబట్టి మీరు ఒక ఐదు వందలు ఎక్కువ పెట్టుకోండి, ఆపతికి పనికొస్తయి.

అంత కూడా లేదంటే ఒక్క రోజుల వచ్చేటివి ఉన్నయి. భువనగిరి కోట, ఒక్కటే బండరాయి మీద కట్టింది, పొద్దున్నే ఎక్కి దిగొచ్చు. భూదాన్ పోచంపల్లి, 1951ల వినోబా భావే భూదానం మొదలైన ఊరు. మగ్గాల మీద ఇక్కత్ చీర ఎట్ల నేస్తరో చూడొచ్చు, కొనాలని రూలేం లేదు. పాలమూరు దిక్కు అయితే పిల్లలమర్రి.

చివరగ ఒక్క మాట. లాంచీ మీద దాదాపు గంటసేపు ఫోన్‌ల సిగ్నల్ సరిగ్గ లేకుండె. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాయిన వలస పోయినప్పటి సంగతులు నాకు చెప్పిండు. పెండ్లయినప్పటి నుంచి ఒక్కసారి కూడా చెప్పలేదు, చెప్పేంత టైం మాకు దొరకలేదు. దూరం, హోటల్, ఫోటో, ఇవన్నీ తర్వాత. ఇద్దరికీ ఒక గంట దొరకాలె, ఆ గంటకు వడ్డీ కట్టేది ఉండొద్దు.

మిగిలిన 210 మళ్ల డబ్బాలనే ఉన్నయి. ఈసారి అలంపురం అనుకుంటున్నం, నవబ్రహ్మ ఆలయాలు చూడ్డానికి. పోయివచ్చినంక ఆ లెక్క కూడా చెప్పుకుందాం. ఉంట మరి, నమస్తే.