నాయనమ్మ మూట, నా తుపాకీ, మన సర్కారు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి నాకు వరసకు బావ అవుతాడు. ఫోన్ చేసి, "బావా, అమెరికా కబుర్లు ఓ పావుగంట చెప్పు, రాజకీయాలు మాత్రం వద్దు" అన్నాడు. సరేనన్నాను. కాస్త రాజకీయం దొర్లుతుంది. దానికి బావని ఏమీ అనకండి, నన్నే అనండి.

నేను ఉండేది టెక్సాస్‌లో, హ్యూస్టన్ పక్కన. అక్కడ నలుగురు కలిస్తే మూడు విషయాల మీద వాదన మొదలవుతుంది. ఆపద వస్తే ఇంటివాడు తనంతట తాను ఎన్నాళ్లు నిలవగలగాలి? ఇంట్లో తుపాకీ ఉండాలా? ప్రభుత్వం మన బతుకుల్లో ఎంతవరకు ఉండాలి? ఈ మూడింటి మీద నాకూ కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి. పుస్తకాలు చదివి కాదు, రెండు రాత్రుల వల్ల. అందులో ఒక రాత్రి మీలో చాలామందికి తెలుసు.

1977 నవంబరు 19, శనివారం. నాకు తొమ్మిదేళ్లు. మా ఊరు సముద్రానికి కాస్త లోపలికి ఉంది కాబట్టి ఈ రోజు మీ ముందు నిలబడగలిగాను. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు వాళ్లకు ఆ అదృష్టం లేకపోయింది. అధికారిక లెక్కల్లోనే పోయినవాళ్లు పదివేల మంది దాకా ఉన్నారు. ఆ సంఖ్యలో మన బడి పిల్లలూ ఉన్నారని ఇక్కడ ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు.

మా నాయనమ్మ చదువుకోలేదు. కానీ ఏటా అట్లతద్ది వెళ్లగానే ఒక మూట కట్టి దూలానికి వేలాడదీసేది. అందులో రెండు శేర్ల అటుకులు, బెల్లం, ఉప్పు, మైనపుగుడ్డలో చుట్టిన అగ్గిపెట్టె, ఒక పాత చీర, పొలం దస్తావేజులు. పక్కన మూత పెట్టిన ఇత్తడి బిందెలో మంచినీళ్లు, ఏ రోజుకారోజు మార్చేది. "ఏ కాశీకే ప్రయాణం?" అని మా తాతయ్య ఎగతాళి చేసేవాడు.

ఆ రాత్రి నాన్న నన్ను భుజాన వేసుకుని పక్క వీధిలో డాబా ఎక్కించాడు. వెనకాలే నాయనమ్మ మూటతో, అమ్మ బిందెతో వచ్చారు. తెల్లారి చూస్తే మా పాక లేదు. ఊరి బావుల్లో ఉప్పునీళ్లు. చుట్టూ అంత నీళ్లున్నా తాగడానికి చుక్క లేదు. మూడో రోజు సాయంత్రానికి గానీ బయటి మనిషి మా ఊరికి రాలేదు. అది ఎవరి తప్పనీ నేను అనను, రావడానికి అసలు రోడ్లే మిగల్లేదు. ఆ మూడు రోజులూ డాబా మీద నలభై మందిమి బతికాం. బిందెలో నీళ్లని నాయనమ్మ కొబ్బరిచిప్పతో కొలిచి పోసింది. ముందు పసిపిల్లలకు, తర్వాత బాలింతలకు, తర్వాత ముసలివాళ్లకు. ఎవరి పిల్లలని అడగలేదు.

రెండో రాత్రి 2021 ఫిబ్రవరి 15. టెక్సాస్‌లో విపరీతమైన చలి పట్టుకుంది. నా ఉద్యోగం సబ్‌స్టేషన్లలో రక్షణ రిలేలతో కాబట్టి అప్పుడేం జరిగిందో కాస్త వివరంగా చెప్తాను.

మనకు కరెంటు 50 హెర్ట్జ్, అక్కడ 60. ఆ అంకె నిలవడం అంటే రథం లాగడం లాంటిది. వంద మంది లాగుతున్న రథంలో ఇరవై మంది తాడు వదిలేస్తే మిగతావాళ్ల నడక మందగిస్తుంది. మరీ మందగిస్తే వాళ్లూ నడుం విరుగుతుందని వదిలేస్తారు. అప్పుడు రథం ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలంటే రథం మీది బరువు దించాలి. ఆ రాత్రి చలికి గ్యాసు బావులు, పైపులు, కరెంటు కేంద్రాల పరికరాలు గడ్డకట్టి ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒంటిగంట దాటాక గ్రిడ్ 59.302 హెర్ట్జ్‌కి పడిపోయింది. 59.4కి దిగువన 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. 9 నిమిషాలు ఉంటే మరిన్ని జనరేటర్లు వాటంతటవే విడిపోయేవి. అదే జరిగి ఉంటే రాష్ట్రమంతా చీకటై, తిరిగి నిలబెట్టడానికి వారాలు పట్టేది. అందుకే ఆపరేటర్లు బరువు దించారు. దాదాపు 20,000 మెగావాట్ల కోత. 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. రాష్ట్ర ప్రభుత్వం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు.

మా ఇంట్లో అత్తగారు ఉన్నారు, ఎనభై దాటిన మనిషి. ముందు రోజే మా ఆవిడ స్నానాల తొట్టి నిండా నీళ్లు పట్టింది. "మీ నాయనమ్మ కథ వెయ్యిసార్లు చెప్పారుగా" అంది. ఆ నీళ్లే మమ్మల్ని కాపాడాయి. నగరం కుళాయి నీళ్లు కాచి తాగమంది, చాలా ఇళ్లలో అసలు కుళాయే రాలేదు.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటాడు, అసలైన టెక్సాస్ మనిషి. ప్రభుత్వం పన్ను వసూలు చేయడానికి తప్ప దేనికీ పనికిరాదని ఆయన నమ్మకం. ఇంట్లో ఆరు నెలలకు సరిపడా డబ్బా తిండి, జనరేటరు, ఐదు తుపాకులు ఉన్నాయి. లోకం తలకిందులైతే గేటు దగ్గర కాపలా ఉంటానని చెప్పేవాడు. ఆ తెల్లవారుజామున తలుపు తట్టాడు. చేతిలో తుపాకీ లేదు, పొడవాటి కరెంటు వైరు ఉంది. గోడ మీదుగా లాగి మా అత్తగారి గదిలో చిన్న హీటరు పెట్టించాడు. మా గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగేది కాబట్టి మూడిళ్లకు ఉప్మా వండాం. ఆ నాలుగు రోజులూ మా తలుపు తట్టినవాళ్లు నీళ్లకో, ఫోను ఛార్జింగుకో, వెచ్చదనానికో వచ్చారు. దోపిడీకి ఒక్కడూ రాలేదు.

అయినా భయం భయమే. అది తగ్గాక నేనూ ఒక పిస్టల్ కొన్నాను. మళ్లీ ఇలాంటిది వచ్చి నాలుగు రోజులు కాక నాలుగు వారాలు ఉంటే ఎలా అనిపించింది. దుకాణంలో ఒక ఫారం నింపాను, వాళ్లు నా పాత చరిత్ర విచారించారు, గంటలోపే ఇంటికి తెచ్చుకున్నాను. మనకి అలా కుదరదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండుకు మించి ఉండకూడదు.

ఇది మనవాళ్లు ఆలోచించకుండా చేసింది కాదు. తెల్లవాళ్లు 1878లో చట్టం చేసి మన చేతుల్లో ఆయుధం లేకుండా చేశారన్న కోపం స్వాతంత్ర్య పోరాటంలో ఉండేది. గాంధీగారు కూడా ఆ చట్టాన్ని తప్పుపట్టారు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కామత్‌గారు ఆ హక్కు పెట్టమని సవరణ తెచ్చారు. అంబేడ్కర్‌గారు ఒప్పుకోలేదు, సభా ఒప్పుకోలేదు. అమెరికావాళ్లు 1791లోనే తమ రాజ్యాంగంలో రాసుకున్నారు. రెండు దేశాలూ ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెప్పాయి. నేను రెండు జవాబుల కిందా బతికాను.

ఇప్పుడు చెప్పబోయేది ఇక్కడ చెప్పాలా వద్దా అని విమానంలో చాలాసేపు ఆలోచించాను. మా ఆవిడ చెప్పమంది.

తుపాకీ కొన్న రెండేళ్లకు నా ఉద్యోగం పోయింది. యాభై ఐదేళ్ల వయసు. పిల్ల చదువు, ఇంటి అప్పు. నెలల తరబడి నిద్ర లేదు. పగలు అందరితో నవ్వుతూనే ఉండేవాడిని. రాత్రి అందరూ పడుకున్నాక, అలమరలో ఉన్న ఇనుప పెట్టె, దాని నెంబరు బుర్రలో తిరగడం మొదలైంది. ఒక రాత్రి ఆ అలమర ముందు చాలాసేపు కూర్చున్నాను. ఏమీ చేయలేదు. తెల్లారి మా ఆవిడను లేపి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. చెప్పులు వేసుకుని నన్ను పక్కింటి పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఒక్క ప్రశ్న అడక్కుండా పెట్టె తీసుకుని, "నా దగ్గరుంటుంది, నువ్వు డాక్టర్ దగ్గరికి వెళ్లు" అన్నాడు. వెళ్లాను. మందులు వాడాను. మనిషినయ్యాను. తర్వాత ఉద్యోగమూ దొరికింది. ఆ పెట్టె మాత్రం తిరిగి తెచ్చుకోలేదు.

తర్వాత ఇంజినీరు బుద్ధితో లెక్కలు చూశాను. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది పోతే, అందులో 26,328 మంది తమను తాము కాల్చుకున్నవాళ్లే. సగానికి పైగా. నేను దొంగ కోసం కొన్నాను. ఆ ఇంట్లో ప్రమాదం దొంగ వల్ల రాలేదు, నా వల్ల వచ్చింది. 2023 మేలో డల్లాస్ దగ్గర ఒక షాపింగ్ సెంటర్లో ఎనిమిది మందిని ఒకడు కాల్చి చంపాడు. అందులో మన తెలుగమ్మాయి కూడా ఉంది, ఇంజినీరే. ఆ రోజు అక్కడి తెలుగిళ్లలో ఎవరూ అన్నం తినలేదు.

అందుకని అందరి తుపాకులూ లాగేసుకోవాలని నేను అనను. మా పక్కింటాయన హక్కును నేను గౌరవిస్తాను, నా ప్రాణం నిలబడ్డది ఆయన వల్ల కూడా. ఆయుధం కొనేవాడు బయటివాడి గురించి ఒకసారి ఆలోచిస్తే, తన ఇంట్లోవాళ్ల మనసు గురించి పదిసార్లు ఆలోచించాలంటాను. మీ పిల్లలు అమెరికాలో ఉంటే, ఇంట్లో తుపాకీ ఉందా, తాళం ఎవరి దగ్గరుంది అని అడగండి. ఉద్యోగం పోయిందని తెలిస్తే మళ్లీ అడగండి. ఇక్కడైనా, ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తే దాచుకోకండి. మన దేశంలో 14416కి, అమెరికాలో 988కి ఫోన్ చేస్తే మాట్లాడే మనిషి ఉంటాడు. ముందు ఇంట్లోవాళ్లతో చెప్పండి.

ఇక ప్రభుత్వం మాట. టెలిఫోను కోసం ఏళ్లు కాచుకుని, సిమెంటు బస్తాకి పర్మిట్ కోసం తిరిగిన తరం మనది. టెక్సాస్ వెళ్లాక, ప్రభుత్వం ఎంత తక్కువుంటే అంత మంచిదని నాకు గట్టిగా అనిపించింది. ఇప్పటికీ కొంతవరకు అదే నా అభిప్రాయం. నేను ఏ వ్యాపారం పెట్టాలో, ఏ ఫోను కొనాలో చెప్పే ప్రభుత్వం నాకొద్దు.

కానీ అదే టెక్సాస్, కేంద్రం పెత్తనం వద్దని తన గ్రిడ్‌ను పక్క రాష్ట్రాల గ్రిడ్లతో దాదాపు కలపకుండా ఉంచుకుంది. 2011లో ఒకసారి చలికి కరెంటు పోయినప్పుడే, పరికరాలను చలికి తట్టుకునేలా చేయమని నిపుణులు చెప్పారు. తప్పనిసరి చేయలేదు. పదేళ్లకు 246 ప్రాణాలు పోయాక చట్టం చేశారు. గ్రిడ్ గడ్డకట్టకుండా చూడడం మా పక్కింటాయన జనరేటరు వల్ల అయ్యే పని కాదు.

మన సంగతి చూడండి. 1977 తుపానుకు పోలిన తుపానే 1990 మే 9న మళ్లీ మన మీదికి వచ్చింది. ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యికి లోపు. అదీ చిన్న సంఖ్య కాదు, కానీ పదివేలకీ దానికీ తేడా ఎక్కడ వచ్చింది? ముందస్తు హెచ్చరిక, షెల్టర్లు, లక్షకు పైగా జనాన్ని ముందే తరలించడం. ఇవన్నీ ప్రభుత్వం చేసిన పనులే. నాయనమ్మ మూట ఎంత గొప్పదైనా, సముద్రం ఎప్పుడొస్తుందో చెప్పలేదు.

నా మాట ఇదీ. ప్రభుత్వం పది పనుల్లో వేలు పెట్టక్కర్లేదు. ఏ ఇల్లూ ఒంటరిగా చేసుకోలేని నాలుగు పనుల్లో మాత్రం గట్టిగా ఉండాలి. అది వచ్చేలోపు మూడు రోజులు నిలబడడం ఇంటి బాధ్యత. ఆ రెంటికీ మధ్య ఇరుగుపొరుగు ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు, డాబాల మీద నీళ్ల కోసం చూసినవాళ్లను టీవీలో చూశాం కదా. 47 ఏళ్లయినా ఆపద రూపం మారలేదు.

అందుకే నాకు కొన్ని కోరికలున్నాయి. ఇంటింటా మూట కట్టండి. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల లెక్కన మూడు రోజుల నీళ్లు, అటుకులు, రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా, టార్చి, ఛార్జింగు నింపిన పవర్ బ్యాంకు, ఆధార్, పాసుపుస్తకాల కాపీలు ప్లాస్టిక్ కవరులో. జనరేటరు ఉంటే ఇంటి బయటే నడపండి, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. హ్యూస్టన్‌లో ఆ వారం చలికి తట్టుకోలేక అలా చేసి, విషవాయువుకు పోయినవాళ్లున్నారు.

సంఘానికి ఒక మాట. స్వర్ణోత్సవం గుర్తుగా బడికి సిమెంటు ఆర్చి కట్టిద్దామని మా బ్యాచి తరఫున అనుకున్నాం. మా బ్యాచివాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి ఆ డబ్బు ఇంకో పనికి ఇస్తాం. బడి డాబా మీద మంచినీళ్ల ట్యాంకు, చేతిపంపు, సోలార్ దీపాలు పెట్టిద్దాం. చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు దూరంగా ఉండి ఒంటరిగా బతుకుతున్న ముసలివాళ్ల జాబితా రాయిద్దాం. ఒక్కొక్కరి పేరు పక్కన, ఆ రాత్రి వాళ్ల తలుపు తట్టాల్సిన మనిషి పేరు రాద్దాం. తుపాను షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో, పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ఏటా అట్లతద్దికి ఒకసారి కనుక్కుందాం.

ఆ జాబితాలో తలుపు తట్టే మనిషిగా నా పేరు రాయలేరు, నేను దూరంగా ఉంటాను. అందుకే ట్యాంకుకి తగ్గిన డబ్బు ఎంతైనా నా పేర రాయండి.

 బావా, పావుగంట దాటింది, క్షమించు.